అమెరికా ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్: అమ్మతో మూడు రకాలుగా వాడి చూశాక నా రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు సంగతి తర్వాత రాస్తాను. నాలుగు ఎందుకిచ్చానో మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకుని డాక్టర్ల దగ్గరికి మీరే తీసుకెళ్తూ, మీరే అన్నీ మాట్లాడేస్తున్నవాళ్ళు.

రివ్యూ ఆసుపత్రిది కాదు, డాక్టర్‌దీ కాదు, ఇంగ్లీషు రాని పేషెంట్లకి ఆసుపత్రివాళ్ళు పైసా తీసుకోకుండా ఇచ్చే ఇంటర్‌ప్రెటర్ సర్వీసుది, అంటే డాక్టర్ మాట పేషెంట్‌కీ, పేషెంట్ మాట డాక్టర్‌కీ వాళ్ళ భాషలో చెప్పే మనిషిని ఇచ్చే సర్వీసుది. మేముండేది డాలస్ దగ్గర. అమ్మకి అరవై ఏడేళ్ళు, గ్రీన్ కార్డు మీద వచ్చి రెండేళ్ళు దాటింది, మాది కరీంనగర్ వైపు. పోయిన చలికాలంలో గుండె లయ తప్పి రాత్రికి రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఈ సర్వీసుని వీడియోలో, ఫోన్లో, మనిషే ఎదురుగా వచ్చి కూర్చుని, ఇలా మూడు రకాలుగానూ వాడాం. ఆసుపత్రి పేరు, క్లినిక్ పేరు రాయడం లేదు. అమ్మ ఒంటి గురించి రాసే ప్రతిదీ ఆమెని అడిగే రాస్తున్నాను. "రాయి బిడ్డా, ఎవలకన్న పనికొస్తే మంచిదే గద" అంది.

మొదటి రాత్రి మేం అసలు ఇంటర్‌ప్రెటర్‌ని అడగలేదు. అడగలేదు ఏంటి, వాళ్ళే అడిగితే నేనే వద్దన్నాను. రిజిస్ట్రేషన్ దగ్గర "పేషెంట్ ఏ భాషలో మాట్లాడడానికి ఇష్టపడతారు" అని ఒక ప్రశ్న ఉంటుంది, దానికి నేను "ఇంగ్లీషే పెట్టేయండి, నేనున్నాగా" అన్నాను. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం, రోజంతా మీటింగుల్లో ఇంగ్లీషే, ఇక అమ్మ చెప్పే నాలుగు మాటలు డాక్టర్‌కి చెప్పడానికి ఇంకొకరెందుకు అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో అర్థమవుతోంది.

ఏం జరిగిందంటే, అమ్మ రెండు నిమిషాలు చెప్తుంది, నేను డాక్టర్‌కి ఒక్క ముక్కలో చెప్తాను. "పానమంత గుంజుకపోతాంది, గుండె ఒక్కసారి జల్లుమని మళ్ళ దడదడ కొట్టుకుంటాంది, కాళ్ళల్ల సత్తువ లేదు, పండుకుంటే ఊపిరాడ్త లేదు" అంటే, నేను "వీక్‌గా ఉందట, గుండె వేగంగా కొట్టుకుంటోందట" అని తేల్చేశాను. పడుకుంటే ఊపిరాడకపోవడం గుండె డాక్టర్‌కి ఎంత ముఖ్యమైన మాటో నాకేం తెలుసు? చిన్న మాటలా అనిపించి వదిలేశాను. అటు నుంచి ఇటు చెప్పడంలో ఇంకా ఘోరం. ఇలా లయ తప్పినప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం రావచ్చు, అందుకే రక్తం పలచబడే మందు వాడాలి అని డాక్టర్ చెప్పింది. నేను అమ్మతో "ఏం కాదమ్మా, గోలీలిస్తరట, తగ్గుద్ది" అన్నాను. భయపడుతుందని. కొడుకుగా అది ప్రేమే కావచ్చు గానీ, తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాల్సిన మనిషికి తెలియనివ్వలేదు.

ఆ తర్వాత డాక్టర్ ఒక ప్రశ్న అడిగింది. రక్తం పలచబడే మందు మొదలుపెట్టే ముందు తప్పకుండా అడిగే ప్రశ్న. ఎక్కడన్నా రక్తం పోతోందా అని. నేను అమ్మని అడిగాను. అమ్మ నా వైపు చూడకుండా, పక్కన గోడకి తగిలించిన గ్లవ్స్ డబ్బాల వైపు చూస్తూ "లేదు" అంది. నేను "నో" అన్నాను. కంప్యూటర్‌లో "నో" ఎక్కేసింది.

తెల్లవారుజామున కారులోంచి ఛార్జర్ తెచ్చుకుందామని కిందికి వెళ్ళాను, ఒక పది పదిహేను నిమిషాలు. ఆలోగా అమ్మకి తల తిరిగింది, బటన్ నొక్కింది. వచ్చిన నర్సు మంచిదే, పాపం తన ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ తెరిచి అమ్మ నోటి దగ్గర పెట్టింది. "కండ్లు తిరుగుతున్నయి" అంది అమ్మ. నేను తిరిగొచ్చేసరికి నర్సు చిన్న టార్చి వేసి అమ్మ కళ్ళలోకి చూస్తోంది, కనుగుడ్డు అటూ ఇటూ కదులుతోందా అని. యాప్ మాటకి మాట పెట్టేసింది మరి. మనకి కళ్ళు తిరగడమంటే ఏంటో పుట్టుకతో తెలుసు, ఫోన్‌కి తెలియదు. బీపీ చూడాల్సిన చోట కళ్ళు చూశారు. నేను చెప్పాక వెంటనే బీపీ చూశారు, తక్కువగానే ఉంది. ఒకవేళ నేను అప్పుడు రాకపోయి ఉంటే అన్న ఆలోచనతో ఆ రోజంతా నాకు టెన్షనే.

పొద్దున షిఫ్ట్ మారి వచ్చిన నర్సు వయసులో పెద్దావిడ, చార్ట్ చూసి అమ్మతో రెండు మాటలు మాట్లాడింది. అమ్మ "ఊ... ఊ..." అంది. మనవాళ్ళకి ఊ కొట్టడమంటే వింటున్నానని చెప్పడం, అర్థమైందని కాదు. రాత్రి వాళ్ళు ఆ ఊ విని "అర్థమైంది" అని రాసుకున్నారు. ఈవిడ మాత్రం ఆగి, నన్ను చూసి, "మీరు చాలా బాగా మాట్లాడుతున్నారు, కానీ ఈ పని మీది కాదు, మీరు కొడుకుగా ఉండండి" అని చెప్పి, చక్రాల స్టాండ్ మీద ఐప్యాడ్ ఒకటి తోసుకొచ్చింది. నాకు కాస్త కోపం కూడా వచ్చింది అప్పుడు.

మొదట ఎవరో తెర మీద కనబడి "నమస్తే జీ" అని హిందీ మొదలుపెట్టారు. ఎవరో ఇండియా అని చూసి హిందీ నొక్కేశారట. ఇది చాలా చోట్ల జరుగుతుంది, అందుకే రిజిస్ట్రేషన్ దగ్గరే "తెలుగు" అని స్పెల్లింగుతో సహా చెప్పండి, "ఇండియన్" అని ఊరుకోకండి. హిందీ కట్ చేసి తెలుగు నొక్కాక ఇంకో ఇరవై నిమిషాలు వెయిటింగ్. స్పానిష్‌కైతే అర నిమిషంలో వస్తారు, తెలుగువాళ్ళు తక్కువ. పోయిన ఆ ఒక్క మార్కులో సగం ఇక్కడ పోయింది.

వచ్చినావిడ నమస్కారం పెట్టి, తన ఇంటర్‌ప్రెటర్ నంబర్ చెప్పింది (పేరు చెప్పరు, నంబరే, నర్సు దాన్ని చార్ట్‌లో రాసుకుంటుంది). తర్వాత అమ్మతో, "అమ్మా, ఇక్కడ ఎవరు ఏం మాట్లాడినా అంతా రెండు భాషల్లోనూ చెప్తాను, ఏదీ కలపను, ఏదీ దాచను, ఇక్కడి మాట బయటికి పోదు, మీరు డాక్టర్‌గారి వైపే చూసి మాట్లాడండి" అంది. అమ్మ మంచం మీద కొంచెం సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆసుపత్రికి వచ్చాక అలా కూర్చోవడం అదే మొదటిసారి.

అక్కడినుంచి నేను చూసింది ఒక పనితనం. అమ్మ "నాకు" అంటే ఆవిడ కూడా ఇంగ్లీషులో "నాకు" అనే చెప్తుంది, "ఆమెకి ఇలా ఉందట" అనదు. దాంతో డాక్టర్ కూడా అమ్మతోనే మాట్లాడడం మొదలుపెట్టింది, రాత్రంతా నా ముఖం చూసి మాట్లాడిన మనిషి. నేను అలవాటుగా మధ్యలో దూరి అమ్మ బదులు జవాబు చెప్తే, ఆవిడ దాన్ని కూడా యథాతథంగా, కొడుకు చెప్తున్నారని చెప్పి మరీ డాక్టర్‌కి అందించింది. డాక్టర్ చెయ్యి ఎత్తి, "అమ్మగారినే చెప్పనివ్వండి" అంది.

తర్వాత అమ్మ "మెట్లెక్కితే దమ్మొస్తాంది" అంది. ఇంటర్‌ప్రెటర్ మాట్లాడే తీరు చూస్తే గోదావరి జిల్లాల మనిషిలా ఉంది. ఆ వైపు దమ్ము అంటే ధైర్యమో, సిగరెట్టు దమ్మో. ఊహించి ఏదో ఒకటి చెప్పేసి ముందుకు పోవచ్చు, నేనైతే అదే చేసేవాణ్ణి. ఆవిడ ఆగి, ముందు డాక్టర్‌తో ఇంగ్లీషులో "ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతున్నాను, ఒక మాటకి అర్థం అడిగి తెలుసుకుంటాను" అని చెప్పి, అమ్మవైపు తిరిగి "అమ్మా, దమ్ము రావడం అంటే ఊపిరి అందకపోవడమా, గుండె దడా, ఎలా ఉంటుందో కొంచెం చెప్తారా?" అంది. అమ్మ గుండె మీద చెయ్యి పెట్టి, "ఉరికొచ్చినట్టు అయితది బిడ్డా, ఊపిరి సాలది, పండుకుంటే ఇంక ఎక్కువ, దిండ్లు రెండేసుకోని కూసుంట" అంది. రెండు దిండ్లు! ఆ మాట వినగానే డాక్టర్ గబగబా టైప్ చేసింది, అమ్మ కాళ్ళ దగ్గరికి వచ్చి చీలమండల పైన వేలితో నొక్కి చూసింది, గుంట పడింది. ఇవేవీ రాత్రి నా ద్వారా బయటికి రాలేదు.

ఇక అసలు సంగతి. డాక్టర్ నన్ను ఒక పది నిమిషాలు బయట కూర్చోమంది. పేషెంట్‌తో ఒంటరిగా మాట్లాడడం మాకు మామూలే అంది. నేను కారిడార్‌లో కూర్చున్నాను. ఆ పది నిమిషాల్లో అమ్మ ఏం చెప్పిందో తర్వాత తనే నాతో చెప్పింది, డాక్టర్ కూడా అమ్మని అడిగాకే నాతో మాట్లాడింది. ఆరు నెలలుగా దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతోంది. మోకాళ్ళ నొప్పులకని ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న నొప్పి గోలీలు రోజూ ఒకటి, ఒక్కోసారి రెండు వేసుకుంటోంది. ఆ స్ట్రిప్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, డైక్లోఫెనాక్. నాకు రెండూ తెలియదు. ఒకే ఇంట్లో ఉంటాం, రోజూ పక్కపక్కన కూర్చుని తింటాం. "నాకెందుకు చెప్పలేదమ్మా" అంటే, "కొడుకు ముంగట అసుంటి ముచ్చట ఎట్ల చెప్పాలె, ఆ పిల్ల ఎవలో, ఆడిపిల్ల, మల్ల కనపడది, చెప్పిన" అంది.

రక్తం పోతున్న మనిషికి, పైగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రోజూ వేసుకుంటున్న మనిషికి, రక్తం పలచబడే మందు తోడైతే ఏమవుతుందో డాక్టర్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నొప్పి గోలీలు ఆ రోజే ఆపించారు, రక్తం ఎంత ఉందో చూశారు, తక్కువగా ఉంది, పేగుల డాక్టర్‌ని పిలిపించారు. చివరికి మొలలు అని తేలింది, ఇంకేదో పెద్దది కానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాం, అది తేలాకే జాగ్రత్తలు చెప్పి మందు మొదలుపెట్టారు. నా "నో" మీద ఆధారపడి ఉంటే ఆ రాత్రే మొదలయ్యేది. ఆ నాలుగు మార్కులు ఈ పది నిమిషాలకి.

నర్సు ఎందుకంత పట్టుబట్టిందో తర్వాత ఆమెనే అడిగాను, ఇంటికొచ్చాక చదివి కూడా తెలుసుకున్నాను. ఇది ఆసుపత్రివాళ్ళు మన మీద దయతో ఇచ్చేది కాదు. 1964 పౌరహక్కుల చట్టంలో ఆరో టైటిల్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదు, భాష రాదని సరైన సేవ ఇవ్వకపోవడం కూడా ఆ కిందికే వస్తుందని 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల స్కూలు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత 2010 నాటి అఫోర్డబుల్ కేర్ యాక్ట్‌లో సెక్షన్ 1557 వచ్చి వైద్యం విషయంలో దీన్ని గట్టిపరిచింది. మెడికేర్, మెడికెయిడ్ (పెద్దవయసువాళ్ళకీ, పేదవాళ్ళకీ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలు) డబ్బు తీసుకోని ఆసుపత్రి ఇక్కడ దాదాపు ఉండదు కాబట్టి ఇది దాదాపు అన్ని ఆసుపత్రులకీ వర్తిస్తుంది. 2024లో వచ్చిన రూల్స్‌లో ఇంకా స్పష్టంగా ఉంది: పేషెంట్‌ని "ఇంటర్‌ప్రెటర్‌ని మీరే తెచ్చుకోండి" అనకూడదు, చిన్నపిల్లల చేత చెప్పించకూడదు (ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో ఇంటర్‌ప్రెటర్ దొరికేలోపు మాత్రమే), వెంట వచ్చిన పెద్దవాళ్ళ చేత చెప్పించాలన్నా పేషెంట్ తనంతట తను, ఆ వెంట వచ్చినవాళ్ళు లేనప్పుడు, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఉండగా అడగాలి. మెషిన్ ట్రాన్స్‌లేషన్ వాడితే, ముఖ్యమైన సమాచారమైతే, అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలి. వీడియో ఆగి ఆగి రాకూడదు, బొమ్మ మసకగా ఉండకూడదు, గొంతు స్పష్టంగా వినబడాలి అని కూడా అందులోనే ఉంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతోంది, "ఇంగ్లీషుని అధికార భాష చేశారు, ఇంక ఇంటర్‌ప్రెటర్లు ఉండరట" అని. 2025 మార్చి 1న ఆ ఉత్తర్వు వచ్చిన మాట నిజం, ఇంగ్లీషు రానివాళ్ళకి భాషా సాయం అందేలా చూడమని 2000లో క్లింటన్ ఇచ్చిన 13166 నంబర్ ఉత్తర్వుని అది రద్దు చేసిన మాటా నిజం. కానీ నేను పైన చెప్పినవి కాంగ్రెస్ చేసిన చట్టాలు, అధ్యక్షుడి ఉత్తర్వుతో చట్టం రద్దు కాదు. ఆ మాట విని అడగడం మానేయకండి.

ఒక్క మాట తప్పుగా అర్థమైతే ఏమవుతుందో ఈ రంగంలోవాళ్ళంతా చెప్పే కేసు ఒకటుంది. 1980లో ఫ్లోరిడాలో విల్లీ రామిరేజ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. వెంట ఉన్నవాళ్ళు స్పానిష్‌లో "ఇంటాక్సికాడో" అన్నారు, అంటే తిన్నదో తాగిందో పడక జబ్బు చేసిందని వాళ్ళ భావం. డాక్టర్లు అది ఇంగ్లీషులో "ఇంటాక్సికేటెడ్" (మత్తులో ఉన్నాడు) అన్నట్టే విని, మత్తుమందు ఎక్కువైందనుకుని దానికే వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది తేలేసరికి రెండు రోజులు దాటింది, ఆ కుర్రాడి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. దావా చివరికి దాదాపు 7 కోట్ల 10 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. అక్కడ ఇంటర్‌ప్రెటర్‌ని ఎవరూ పిలవలేదు, ఎందుకంటే మాట అర్థమైందనే అందరూ అనుకున్నారు. నాకు ఆ రాత్రి అచ్చం అలాగే అనిపించింది, నాకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఇంకేం కావాలి అని.

ఇప్పుడు లోటుపాట్లు. డిశ్చార్జ్ అయ్యే రోజు వీడియోలో తెలుగువాళ్ళు దొరకలేదు, ఫోన్ ఇంటర్‌ప్రెటర్ వచ్చారు, ఎవరో మగాయన. వెనకాల ఏదో చప్పుడు, స్పీకర్ ఫోన్, అమ్మకి ఒక చెవి తక్కువ వినబడుతుంది. అది ఒకటి. రెండోది, ఆయన తెలుగు. "మీకు అధిక రక్తస్రావం సంభవించినచో, మలము నలుపు వర్ణములో ఉన్నచో..." ఇలా పోయింది. అమ్మ ఊ కొట్టింది. నర్సు అదృష్టం కొద్దీ అక్కడ ఆపి, "ఇప్పుడు మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగించింది. ఇలా పేషెంట్ చేత తిరిగి చెప్పించడం మంచి ఆసుపత్రుల్లో పద్ధతి. అమ్మ "ఏమో సారు, నలుపు అంటిరి గని ఏం నలుపో సమజ్ గాలే" అంది. అప్పుడాయన, "దొడ్డికి నల్లగా తారులాగా అయినా, ఎర్ర రక్తం పడినా వెంటనే ఫోన్ చెయ్యాలమ్మా" అని మామూలుగా చెప్పాడు. అమ్మకి టక్కున అర్థమైంది. ఆ మాట ముందే అనొచ్చు కదా! అమ్మకి కిడ్నీ తెలుసు, మూత్రపిండం తెలియదు. షుగర్ తెలుసు, మధుమేహం తెలియదు. బీపీ తెలుసు, రక్తపోటు అంటే ఆలోచించుకోవాలి. డిక్షనరీలో మాట సరిగ్గానే ఉంటుంది, మంచం మీది మనిషికి అందదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి పేషెంట్ నోట్లోంచి వచ్చిన మాటే తిరిగి వాడండి, గోలీ అంటే గోలీ అనండి, మాత్ర అంటే మాత్ర అనండి.

దీనికి కొంత కారణం శిక్షణ. ఇక్కడ మెడికల్ ఇంటర్‌ప్రెటర్లకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థలు రెండున్నాయి, కనీసం 40 గంటల ట్రైనింగ్ ఉంటేనే పరీక్షకి రానిస్తారు. కానీ భాషలో మాట్లాడించి చూసే నోటి పరీక్షలు స్పానిష్, మాండరిన్, అరబిక్ లాంటి కొన్నిటికే ఉన్నాయి, తెలుగుకి లేదు. 2010 నుంచి 2017 దాకా అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగే, 86 శాతం పెరిగిందని సెన్సస్ లెక్కల మీద అప్పట్లో మనమంతా షేర్ చేసుకున్నాం గదా. ఆ పెరిగినవాళ్ళ అమ్మానాన్నలు ఇప్పుడు వయసు మీద పడి ఆసుపత్రులకి వస్తున్నారు. తెలుగు ఇంగ్లీషు రెండూ బాగా వచ్చి, ఇంట్లో ఖాళీగా ఉన్నామని బాధపడేవాళ్ళు మనలో ఎంతోమంది, డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు పనిచేసే అనుమతి ఉందో లేదో చూసుకుని, ఈ ట్రైనింగ్ వైపు ఒకసారి ఆలోచించండి. అవసరం నిజంగా ఉంది.

మిగిలిన అర మార్కు కాగితాల దగ్గర పోయింది. డిశ్చార్జ్ పేపర్లు పదకొండు పేజీలు, అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో లేవా అంటే లేవన్నారు. అన్ని భాషల్లోకీ అన్ని కాగితాలూ రాసివ్వాలని లేదట, 2003 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఆసుపత్రి సేవలందించే జనంలో 5 శాతం గానీ 1,000 మంది గానీ, ఏది తక్కువైతే అంత, ఆ భాషవాళ్ళు ఉంటే ముఖ్యమైన కాగితాలు ఆ భాషలో రాసి ఇవ్వడం, ఆసుపత్రి తన బాధ్యత నెరవేరుస్తోందనడానికి మంచి ఆనవాలు అని రాశారు. మరి మనవాళ్ళు ఇంతమంది ఉన్నచోట లెక్క ఎవరైనా వేశారో లేదో. కాగితం తెలుగులో లేకపోయినా దాన్ని ఇంటర్‌ప్రెటర్ చేత చదివించి చెప్పించుకునే హక్కు మాత్రం ఉంది, అది మేం అడిగి చేయించుకున్నాం. ఆయన చదువుతుంటే నా భార్య పక్కన కూర్చుని ఒక్కో మందు ఎప్పుడు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసింది, పొద్దుటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ వేసి. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

మనిషే ఎదురుగా వచ్చిన అనుభవం గుండె డాక్టర్ క్లినిక్‌లో. దానికి ముందు చిన్న గొడవ. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే, రిసెప్షన్‌లో అమ్మాయి "మీరు వస్తారుగా, మీరే చెప్పొచ్చు" అంది. పాత నేనైతే సరే అనేవాణ్ణి. ఈసారి మర్యాదగానే, "సెక్షన్ 1557 కింద ఇంటర్‌ప్రెటర్ ఇవ్వాలి కదా, మీ దగ్గర ఆ కోఆర్డినేటర్ ఎవరు" అని అడిగాను. పదిహేను మంది, ఆపైన ఉద్యోగులున్న చోట అలా ఒక మనిషిని పెట్టాలని రూల్. రెండు నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, తిరిగొచ్చి బుక్ చేసింది. గొంతు పెంచాల్సిన పని రాలేదు. అప్పటికీ కాదంటే ఫెడరల్ ఆరోగ్య శాఖ పౌరహక్కుల ఆఫీసులో 180 రోజుల్లోపు కంప్లయింట్ ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో, డబ్బులేం కట్టక్కర్లేదు. మాకు అంతదాకా రాలేదు.

ఎదురుగా వచ్చినావిడ యాభై ఏళ్ళ మనిషి, టైముకి ముందే వచ్చి, అమ్మకి కొంచెం వెనగ్గా, పక్కన కూర్చుంది, డాక్టర్‌కీ అమ్మకీ మధ్య అడ్డం రాకుండా. అమ్మకి ఏ చెవి బాగా వినబడుతుందో ముందే అడిగి అటువైపు మారింది. వీడియోలో ఇది రాదు. అమ్మ ముఖం ముడుచుకున్నా, చెయ్యి మోకాలి మీదికి పోయినా ఆవిడకి కనబడుతుంది. స్కాన్ గదిలోకి కూడా వచ్చింది, కానీ గౌను మార్చుకునేటప్పుడు అడక్కముందే బయటికెళ్ళింది. వెయిటింగ్ రూములో అమ్మ అలవాటుగా "ఏ ఊరు బిడ్డా, పిల్లలెంతమంది" అని మొదలుపెడితే, నవ్వి, డాక్టర్ లేనప్పుడు మేం పేషెంట్‌తో విడిగా మాట్లాడకూడదమ్మా, ఏమనుకోకండి అని చెప్పి దూరంగా వెళ్ళి కూర్చుంది. అమ్మకి మొదట చిన్నబుచ్చుకున్నట్టయింది. ఇంటికొచ్చాక, "మంచిదేలే, గిట్లుంటేనే మన ముచ్చట ఇంకొకలకు పోది" అంది. మన జనం తక్కువున్న ఊళ్ళో, గుడికెళ్తే అందరూ కనబడే చోట, ఆ దూరం ఎంత అవసరమో అమ్మే నాకు చెప్పింది.

మీలో ఎవరికైనా దగ్గర్లో అపాయింట్‌మెంట్ ఉంటే ఒక్క రెండు విషయాలు. ముందుగా తెలిసిన అపాయింట్‌మెంట్ అయితే బుక్ చేసేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ అడగండి, రెండ్రోజుల ముందు ఫోన్ చేసి మళ్ళీ గుర్తు చేయండి, ఆడవాళ్ళ సమస్య అయితే ఆడ ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పొచ్చు, ప్రతిసారీ దొరకకపోవచ్చు గానీ అడిగితే చూస్తారు. ఇంటర్‌ప్రెటర్ తెలుగు అర్థం కాకపోతే, లేదా మన మాట తప్పుగా చెప్తున్నారనిపిస్తే, మొహమాటపడకుండా వేరేవాళ్ళని మార్చమనండి, నర్సులు ఏమీ అనుకోరు. మీరు గదిలో ఉండండి, చెయ్యి పట్టుకోండి, మధ్యలో మాత్రం మాట్లాడకండి. అది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే.

పోయిన వారం నేను ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మకి క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, శుక్రవారం అపాయింట్‌మెంట్ గురించి. ఇంతకుముందైతే "నో ఇంగ్లీష్, సన్ ఆఫీస్" అని పెట్టేసేది. ఈసారి "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అందట. ఆరు నిమిషాలు లైన్లోనే ఉంచారట, అమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడిందట. తెలుగు మనిషి వచ్చాక, శుక్రవారం మనవరాలి స్కూల్లో ప్రోగ్రాం ఉందని, సోమవారం పొద్దున పదింటికి మార్పించుకుంది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ మీద చంద్రుడి బొమ్మ పక్కన "సోమవారం 10" అని తన చేతిరాతతో రాసి ఉంది.